స్టిక్కర్ లేని పాత స్టీలు మౌంటెన్ బైక్: పెయింట్ గీకే ముందు అతుకులు చూడండి

మిగతావాళ్ళ కోసం ముందు ప్రశ్న క్లుప్తంగా. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో గరాజ్ సేల్‌లో 26 అంగుళాల చక్రాల పాత స్టీలు మౌంటెన్ బైక్ దొరికింది. స్టిక్కర్లు లేవు, ముందు బ్యాడ్జీ లేదు. పైపులు కలిసేచోట తొడిగే లగ్గులు లేవు, వెల్డింగ్ చారలూ లేవు. పైపులోంచి పైపు కొమ్మలా మొలిచినట్టుంది. పెడళ్ళ దగ్గరి నుంచి వెనక చక్రం ఇరుసుకు వెళ్ళే రెండు పైపుల (చైన్‌స్టేల) మధ్య అడ్డంగా ఉండే బ్రిడ్జి దగ్గర వెంట్రుకంత చీలిక ఉంది. ఇది 1980లలో అక్కడి బిల్డర్లు చేత్తో చేసినదేనా? సాండ్‌బ్లాస్ట్ (ఇసుక దెబ్బతో పెయింట్ ఊడగొట్టడం) చేయించి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి కాల్చడం) వేయించవచ్చా? ముందు సస్పెన్షన్ ఫోర్క్ పెట్టవచ్చా? చీలికను ఏదైనా వెల్డింగ్ షాపులో అతికించేస్తే సరిపోతుందని మీ బావగారు అంటున్నది నిజమేనా?

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మిగతావి పొరపాటైనా దిద్దుకోవచ్చు, ఇది దిద్దుకోలేం. వెల్డింగ్ షాపుకు తీసుకెళ్ళకండి. మీ ఫొటోలో చీలిక పక్కన పెయింట్ లేచినచోట బంగారు రంగు కనిపిస్తోంది. అంటే అతుకు ఇత్తడిది. టిగ్ వెల్డింగ్‌లో పైపుల ఉక్కునే కరిగించి కలుపుతారు, అది 1500 డిగ్రీల దరిదాపు వ్యవహారం. ఇత్తడి 900 డిగ్రీల దగ్గరే నీళ్ళయిపోతుంది. దాని మీద టిగ్ పెడితే అందులోని జింకు మరిగి తెల్లటి పొగై లేస్తుంది, వెల్డు నిండా గుల్లలు పడతాయి. కరిగిన రాగి వేడెక్కిన ఉక్కు రేణువుల మధ్యకు దూరి కొత్త చీలికలు తెస్తుంది. పైకి శుభ్రంగా అతికినట్టే ఉంటుంది, కొన్నాళ్ళు తొక్కాక పక్కనే తెగుతుంది. ఇత్తడి అతుకును ఇత్తడితోనే బాగుచేయాలి. దానికి ఫ్రేమ్ బిల్డర్ దగ్గరికి వెళ్ళాలి.

మన ఊళ్ళలో తెగిన సైకిల్ ఫ్రేమ్‌కి గ్యాస్ మంటతో ఇత్తడి పోసి అతికించే షాపులు చూసినవాళ్ళకు ఈ పని కొత్తేమీ కాదు. తేడా అంతా పైపు మందంలో ఉంది. మన పాత రోడ్‌స్టర్ సైకిళ్ళ పైపు మందంగా ఉంటుంది, కాస్త ఎక్కువ కాల్చినా ఓర్చుకుంటుంది. మీ ఫ్రేమ్ క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) అయితే పైపు గోడ చివర్లలో 0.9 మి.మీ., మధ్యలో 0.6 మి.మీ. ఉండొచ్చు. మేలురకమైతే ఇంకా పలచన. అక్కడ మంటను ఒక్కచోట రెండు క్షణాలు ఎక్కువ నిలిపినా పైపు పాడైపోతుంది.

ఈ అతుకు ఎలా పెడతారో తెలిస్తే మీ ఫ్రేమ్‌ను చదవడం తేలికవుతుంది. ముందు ఒక పైపు చివరను రెండో పైపు గుండ్రానికి అచ్చంగా ఆనేలా కోస్తారు. దీన్నే మైటర్ అంటారు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందులోంచి గీత కనపడకూడదు. తర్వాత ఫ్లక్స్ పూస్తారు. మన కంసాలి నగకు అతుకు పెట్టేటప్పుడు వాడే వెలిగారం కుటుంబానికి చెందినదే. ఆక్సీ-ఎసిటిలిన్ మంటతో ఉక్కును నిప్పుకణిక రంగుకు తెచ్చి కడ్డీ తాకిస్తే ఇత్తడి ముందు సందులోకి పాకుతుంది. ఆ తర్వాత కొద్దికొద్దిగా పేర్చి చుట్టూ 6 నుంచి 8 మి.మీ. గుండ్రపు వంపు కడతారు. ఆ వంపునే ఫిల్లెట్ అంటారు. (కడ్డీని బ్రాంజ్ అని అమ్మినా అందులో ఉండేది ఎక్కువగా రాగి, జింకే. కాబట్టి ఇత్తడి అనడమే సబబు.) చల్లారాక ఫ్లక్స్‌ను వేడినీళ్ళలో నానబెట్టి కడిగి, అర్ధచంద్రపు ఆకురాయితో, ఆపైన గరుకు పట్టీతో నున్నగా లాగుతారు. అసలు సమయం తినేది ఈ ఆకురాయి పనే. ప్రమాదం కూడా ఇక్కడే. ఆకురాయి ఇత్తడి అంచు దాటి ఉక్కును కాస్త తిన్నా 0.9 గోడ 0.7 అవుతుంది, చీలిక సరిగ్గా ఆ గీత వెంబడే మొదలవుతుంది. మీ ఫ్రేమ్‌లో ప్రతి ఫిల్లెట్ అంచునూ గోటితో తడిమి చూడండి. మెట్టు తగలకూడదు, గాడి అసలే తగలకూడదు.

లగ్గులు ఉండగా ఇంత శ్రమ ఎందుకు పడ్డారంటే, అప్పట్లో దొరికే లగ్గులు రోడ్డు సైకిళ్ళ సన్న పైపులకు, రోడ్డు సైకిళ్ళ కోణాలకు తయారైనవి. కొండదారికి కావలసిన లావు పైపులకు, వాలు కోణాలకు సరిపోయే లగ్గు మార్కెట్లో లేదు. ఫిల్లెట్‌కు ఆ బాధ లేదు. ఏ లావుకు ఏ లావునైనా, ఏ కోణంలోనైనా కలపొచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీలో ఈ కథ అలాగే నడిచింది. 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ పక్కన కొండ మీద మొదటి రీప్యాక్ పందెం జరిగింది. దాదాపు 3.4 కిలోమీటర్లలో 400 మీటర్లు కిందికి దిగే మట్టిదారి అది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి ష్విన్ కంపెనీ ఫ్రేముల మీద, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులతో దిగేవారు. కిందికి వచ్చేసరికి వెనక చక్రం నడుమ ఉండే హబ్‌లో గ్రీజు కాలి పొగలొచ్చేది, ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు నింపాల్సి వచ్చేది. ఆ నింపడమే పందెం పేరైంది. ఆ పాత ఫ్రేములు బరువు, పైగా విరిగేవి. ఆ పందెగాళ్ళలో ఒకడైన జో బ్రీజ్ 1977లో 4130 రకం క్రోమోలీతో ఈ పనికే ప్రత్యేకంగా ఫ్రేమ్ చేశాడు. మొదటి వరుసలో చేసినవి 10. అందులో మొదటిది ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియం దగ్గరుంది. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి కంపెనీ పెడితే వాళ్ళకు ఫ్రేములు చేసిచ్చింది టామ్ రిచీ. ఆయనవి ఫిల్లెట్లే. హ్యాండిల్, దాన్ని పట్టే స్టెమ్ కలిపి ఒకే ముక్కగా చేసిన బుల్‌మూస్ బార్ కూడా ఆయన ముద్రే.

ఈ సైకిళ్ళ మీద జనానికి ఉన్న మమకారంలో కొంత ఉత్త మాట. స్టీలుకు ప్రాణం ఉంటుంది, గతుకులు మింగేస్తుంది అంటారు. నిజానికి రెండంగుళాల టైరు 30 పీఎస్‌ఐ గాలి మీద మింగేదానితో పోలిస్తే ఫ్రేమ్ మింగేది లెక్కలోకి రాదు. సన్నటి ఫోర్క్ కాళ్ళు ఊగడం మాత్రం నిజం. అసలు విలువ వేరేచోట ఉంది. ఫ్రేమ్ చేసినవాడు ఏ కొండ మీద తొక్కుతాడో, కొన్నవాడూ అక్కడే తొక్కేవాడు. ఆదివారం విరిగింది సోమవారం బల్ల మీదకు వచ్చేది. ఎక్కడ విరిగిందో చూసి తర్వాతి ఫ్రేమ్‌లో అక్కడ మార్చేవారు. శాంటా క్రూజ్‌లో కీత్ బాంట్రేగర్ ఫ్రేముల హెడ్‌ట్యూబ్ (ఫోర్క్ కాడ దూరే ముందు పైపు) వెనక కనిపించే, అతుకుకు బలాన్నిచ్చే పలచటి గసెట్ రేకులు అలాంటి ఆలోచనకు ఫలితమే. కొండకు తగ్గ తేలిక రిమ్ములు లేవని రోడ్డు సైకిల్ రిమ్ములను కోసి, కురచ చేసి, 26 అంగుళాలకు తెచ్చిందీ ఆయనే. స్టీవ్ పాట్స్ లావు కాళ్ళ ఫోర్క్, చార్లీ కనింగ్‌హామ్ రోలర్‌క్యామ్ బ్రేక్ ఫెయిర్‌ఫాక్స్ చుట్టుపక్కల పుట్టాయి. ఫ్రీమాంట్ నుంచి ఈ ఊళ్ళన్నీ కారులో రెండు గంటల లోపే. మీ గరాజ్ సేల్‌లో ఇలాంటిది తేలడం వింతేమీ కాదు.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. 1981లో జపాన్‌లో చేయించిన స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ వచ్చాక, అప్పటిదాకా బిల్డర్ దగ్గర వరసలో నిలబడి తెచ్చుకునే బండి షాపులో దొరికే సరుకైంది. 1990 నాటికి రాక్‌షాక్స్ సస్పెన్షన్ ఫోర్క్ వచ్చింది, వెనకే చవక అల్యూమినియం వచ్చింది. 1993లో ఫిషర్, 1995లో బాంట్రేగర్ పేర్లు ట్రెక్ అనే పెద్ద సైకిల్ కంపెనీ చేతికి వెళ్ళాయి. మసాచుసెట్స్‌లోని సోమర్‌విల్‌లో క్రిస్ ఛాన్స్ 1982లో మొదలెట్టిన ఫ్యాట్ సిటీ అనే ఫ్రేముల కంపెనీ 1994లో అమ్ముడై న్యూయార్క్ రాష్ట్రానికి తరలిపోయింది. అక్కడ పనిచేసినవాళ్ళు వెంట వెళ్ళకుండా 1995లో ఇండిపెండెంట్ ఫ్యాబ్రికేషన్ పెట్టుకున్నారు.

ఇక మీ బండి. ఫిల్లెట్ ఉన్నంత మాత్రాన అది గరాజ్‌లో ఒక్కడు కూర్చుని చేసిందని కాదు. ష్విన్ వాళ్ళు షికాగో ఫ్యాక్టరీలోనే ఫిల్లెట్ సైకిళ్ళు చేశారు, జపాన్ ఫ్యాక్టరీలూ చేశాయి. అలాగే ఫిల్లెట్ లేనంత మాత్రాన చేతి పని కాదనీ కాదు. ఫ్యాట్ సిటీ వాళ్ళ యో ఎడ్డీ అనే మోడల్ పూర్తిగా టిగ్ పనే. నాణేలు ఒరగబెట్టి పేర్చినట్టు సమంగా ఉండే ఆ గీత కూడా చేతి సంతకమే. ఇంకో మోసం ఉంది. మామూలు వెల్డు మీద కార్లకు పూసే పుట్టీ రాసి నున్నగా చేసి ఫిల్లెట్‌లా కనపడేలా చేస్తారు. దీనికి అయస్కాంతం పరీక్ష పనికిరాదు, ఎందుకంటే ఇత్తడిని కూడా అయస్కాంతం పట్టదు. సూది గుచ్చి చూడండి. పుట్టీ అయితే దిగుతుంది, ఇత్తడి అయితే జారుతుంది.

నిజం చెప్పేది బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగేచోటు) లోపలి భాగం. పెడళ్ళు బిగించే క్రాంకులు, బేరింగు కప్పులు తీసి, షెల్‌ను (ఆ ఇరుసు ఉండే గొట్టాన్ని) కిరసనాయిలుతో తుడిచి, టార్చి వేసి లోపలికి చూడండి. మంచి బిల్డర్ పనిలో ప్రతి పైపు నోటి చుట్టూ సన్నటి బంగారు ఉంగరం తెగకుండా కనపడుతుంది. బయట పెట్టిన ఇత్తడి సందు దాటి లోపలికి వచ్చిందనడానికి అదే రుజువు. ఉంగరం సగంలో తెగితే అక్కడ వేడి చాలలేదు. పైపు నోరు షెల్‌కు ఆనకుండా మధ్యలో ఖాళీ కనపడి, దాన్ని ఇత్తడితో నింపేసి ఉంటే అది హడావిడి పని. కప్పులు తీసేటప్పుడు జాగ్రత్త. ఇంగ్లిష్ మర షెల్ 68 లేదా 73 మి.మీ. వెడల్పు ఉంటుంది. చైన్ వైపు కప్పుకు మర తిరగబడి ఉంటుంది, అటువైపు నిలబడి చూస్తే గడియారం ముల్లు దిశలో తిప్పితేనే ఊడుతుంది. మామూలుగా తిప్పి, రాలేదని గొట్టం తొడిగి బలం పెట్టినవాళ్ళు చేసిన నష్టం చాలా ఫ్రేముల్లో కనపడుతుంది.

రెండో ఆనవాలు సీట్‌పోస్ట్ సైజు. బయటికి తీసి వెర్నియర్‌తో కొలవండి. సీట్ ట్యూబ్ బయటి కొలత మామూలుగా 28.6 మి.మీ. పోస్ట్ 27.2 అయితే గోడ 0.7 దగ్గర, అంటే మంచి పైపు. 26.8 అయితే 0.9. 26.4 దగ్గరికి వస్తే మందపు పైపు, లేదా ఎవరో తప్పు పోస్ట్ దూర్చి బిగించారు. తప్పు పోస్ట్ అయితే బిగించే చెవులు దగ్గరికి వంగిపోయి, కోత అడుగున చీలిక ఉండొచ్చు, చూడండి.

మూడోది భాగాల తేదీ. షిమానో క్రాంకు వెనకవైపు రెండు ఇంగ్లిష్ అక్షరాలు అచ్చుకొట్టి ఉంటాయి. మొదటిది సంవత్సరం, 'ఎ' అంటే 1976, అక్కడి నుంచి వరసగా. రెండోది నెల, 'ఎ' అంటే జనవరి. 'కె', 'డి' ఉంటే 1986 ఏప్రిల్. భాగాలు మారిపోయి ఉండొచ్చు గనక ఒక్కదాన్ని నమ్మకండి. క్రాంకు, హబ్, గేర్లు మార్చే డెరైలర్ మూడూ ఒకే ఏడాది చెబితే నమ్మొచ్చు. వెనక హబ్ పట్టే చోటు వెడల్పు కూడా కాలం చెబుతుంది. 1980ల మొదట్లో 130 మి.మీ. లేదా అంతకు తక్కువ, దశాబ్దం చివరికొచ్చేసరికి 135. వెనక బ్రేకు చైన్‌స్టేల కింద ఉందంటే ఇంచుమించు 1986 నుంచి 1988 మధ్యది. అక్కడ బ్రేకు పెట్టడం ఆ రోజుల్లో మోజు. బురదంతా చేరేది అక్కడే కాబట్టి మోజు తొందరగానే తీరింది.

బ్రేకుల గురించి ఒక మాట. యూ-బ్రేక్, రోలర్‌క్యామ్ రకాల బ్రేకులకు ఫ్రేమ్ మీద బిగించే పిడులు రిమ్ అంచుకు పైన ఉంటాయి, క్యాంటిలీవర్ రకానికి కింద ఉంటాయి. ఒకదాని మీద ఇంకోటి ఎక్కదు. క్యాంటిలీవర్ ఉంటే అలాగే ఉంచండి. తర్వాతి కాలపు వీ-బ్రేక్ పెట్టాలంటే లివర్లు కూడా మార్చాలి. పాత లివర్ తక్కువ కేబుల్ లాగుతుంది, బ్రేకు పట్టేలోపే హ్యాండిల్‌కు తగులుతుంది. ముందు క్యాంటిలీవర్ ఉన్న బండికి రిఫ్లెక్టర్ బ్రాకెట్‌ను, అందంగా లేదని, తీసేయకండి. మెయిన్ కేబుల్ తెగితే రెండు బ్రేకు చేతులను కలిపే అడ్డ కేబుల్ టైరు మీద పడి చక్రాన్ని పట్టేస్తుంది, మీరు హ్యాండిల్ మీంచి ముందుకు పడతారు. ఆ బ్రాకెట్ దాన్ని ఆపుతుంది.

సస్పెన్షన్ ఫోర్క్ వద్దు. చక్రం ఇరుసు మధ్య నుంచి ఫోర్క్ భుజం (రెండు కాళ్ళు కలిసేచోటు) దాకా కొలవండి. ఆ కాలపు ఫోర్క్ 390 నుంచి 400 మి.మీ. ఉంటుంది. 100 మి.మీ. కిందికీ పైకీ కదిలే ఇప్పటి ఫోర్క్ దాదాపు 470. ముందు 70 మి.మీ. లేస్తే హెడ్ కోణం (హెడ్‌ట్యూబ్ వాలు) 4 డిగ్రీల దాకా వాలిపోతుంది, పెడళ్ళు సుమారు 3 సెం.మీ. పైకి లేస్తాయి, ఎక్కుడులో ముందు చక్రం నేల మీద నిలవదు. అంతకన్నా పెద్ద సమస్య, పొడుగైన ఫోర్క్ గునపంలా పనిచేసి డౌన్‌ట్యూబ్‌ను (హెడ్‌ట్యూబ్ నుంచి పెడళ్ళ దగ్గరికి దిగే పైపును) హెడ్‌ట్యూబ్ వెనక వంచుతుంది. అసలు ఇప్పుడే అక్కడ చూడండి. డౌన్‌ట్యూబ్ అడుగున, హెడ్‌ట్యూబ్‌కు కొంచెం వెనక, బొటనవేలుతో మెల్లగా రాయండి. చిన్న అలలాంటి ఉబ్బు తగిలితే బండి ఎప్పుడో దేనికో గుద్దుకుంది. మందపు చివర అయిపోయి పలచటి గోడ మొదలయ్యేచోటే పైపు ముడత పడుతుంది. హెడ్‌సెట్ (ఫోర్క్ కాడ తిరిగే బేరింగులు) మారుస్తుంటే ఒక అంగుళం సైజులోనే రెండు కొలతలున్నాయని గుర్తుంచుకోండి. ఫోర్క్ మీద రేస్ (బేరింగు కింది ఉంగరం) కూర్చునే చోటు జపాన్ పద్ధతిలో 27.0, మిగతావాటిలో 26.4. 26.4 రేస్‌ను 27.0 మీద సుత్తితో దింపితే పగులుతుంది.

సీట్‌పోస్ట్ బిగుసుకుపోయి ఉంటే ఓపిక పట్టండి. ఉక్కులో అల్యూమినియం దశాబ్దాలు కూర్చుంటే మధ్యలో తెల్లటి తుప్పు ఉబ్బి పట్టేస్తుంది. బండిని తలకిందులు చేసి బాటమ్ బ్రాకెట్ వైపు నుంచి పట్టు విడిపించే నూనె పోసి రెండు మూడు రోజులు వదలండి. తర్వాత పోస్ట్ తలను బల్లకు బిగించిన వైస్‌లో పట్టి ఫ్రేమ్‌ను తిప్పండి. మంట పెట్టకండి. వేడికి అల్యూమినియం ఉక్కుకు రెండింతలు వ్యాకోచిస్తుంది, ఇంకా బిగుస్తుంది. చల్లబరిస్తేనే మేలు. చివరి దారి, పోస్ట్ పైభాగం కోసేసి, లోపలి నుంచి రంపపు బ్లేడుతో నిలువుగా చీల్చడం. చెయ్యి నొప్పి పుడుతుంది గానీ ఫ్రేమ్ మిగులుతుంది. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, ఉక్కును ముట్టదు. కానీ పెయింట్ పోతుంది, హైడ్రోజన్ పుడుతుంది, చర్మం కాలుతుంది. నేనైతే సిఫారసు చేయను.

పాత చక్రం రిమ్ పాడైందని ముందే స్పోకులు కోసేయకండి. ఫ్రీవీల్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) ఊడదీయాలంటే రిమ్మే మీకు పిడి. హబ్ ఒక్కటే మిగిలాక ఫ్రీవీల్ తీయడం నరకం.

తుప్పుకు ఆక్సాలిక్ ఆసిడ్. లీటరు నీటికి 10 నుంచి 20 గ్రాములు, ప్లాస్టిక్ తొట్టిలో కొన్ని గంటలు. విషం, చేతి తొడుగులు తప్పనిసరి. మెరిసే ఎరుపు, బంగారు పెయింట్లు వెలిసిపోతాయి గనక కనపడని మూల ముందు పరీక్షించండి. మరీ ఎక్కువసేపు ఉంచితే పసుప్పచ్చ పొర కడుతుంది. తీశాక వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఎండబెట్టి, పైపుల లోపల కాచిన అవిసె నూనె పోసి ఫ్రేమ్‌ను అన్నివైపులా తిప్పి, మిగిలింది వంపేయండి. షెల్ అడుగున నీళ్ళు పోయే రంధ్రం ఉంటే పూడకుండా చూసుకోండి.

పౌడర్ కోటింగ్ సంగతి. 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు, దానివల్ల ఇత్తడికి నష్టం లేదు. నష్టం ముందు చేసే ఇసుక దెబ్బ వల్ల, పైన పడే మందపు పొర వల్ల. ఇసుక పలచటి గోడను, మెత్తటి ఇత్తడిని తింటుంది. మందపు పొర ఆకురాయి గీతలను, షెల్ అడుగున అచ్చుకొట్టిన నంబరును పూడ్చేస్తుంది. స్టిక్కర్ లేని ఫ్రేమ్‌కు గుర్తింపు కార్డు అవే. అసలు పెయింట్‌లోనే పాత స్టిక్కర్ నీడ కూడా దాగి ఉండొచ్చు. గది చీకటి చేసి టార్చిని పైపు పక్కనుంచి ఏటవాలుగా వేయండి. స్టిక్కర్ ఉన్నచోట రంగు ముదురుగానో, అంచు గీతగానో కనపడొచ్చు. నంబరు, కేబుల్ స్టాపుల ఆకారం, చక్రం ఇరుసు కూర్చునే డ్రాపవుట్లు, ఫోర్క్ భుజం, ఈ నాలుగూ దగ్గరగా ఫొటోలు తీసి ఫెయిర్‌ఫాక్స్‌లోని మారిన్ మ్యూజియం ఆఫ్ బైసిక్లింగ్‌కు వెళ్ళండి. ఆ గోడల మీద వేలాడే బళ్ళతో పోల్చి చూడటానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ఫ్రేమ్ సూటిగా ఉందో లేదో దారంతో చూడండి. ఒక డ్రాపవుట్‌కు కట్టి, హెడ్‌ట్యూబ్ చుట్టూ తిప్పి, రెండో డ్రాపవుట్‌కు బిగించండి. సీట్ ట్యూబ్ నుంచి దారానికి రెండువైపులా దూరం ఒక మి.మీ. తేడాలో ఉండాలి. 130ని 135 హబ్ కోసం పక్కకు రెండున్నర మి.మీ. చొప్పున వెడల్పు చేయడం ఉక్కుకు కష్టం కాదు, కానీ బ్రిడ్జి చీలిక ఉండగా ఆ పని ముట్టుకోవద్దు.

ఆ చీలిక దగ్గర కిక్‌స్టాండ్ బిగించిన నొక్కులు ఉన్నాయేమో చూడండి. చైన్‌స్టేలను రెండు రేకుల మధ్య నొక్కి బిగించే కిక్‌స్టాండే చాలా బ్రిడ్జిల పాలిట శని. చీలిక చుట్టూ రెండు సెం.మీ. మేర పెయింట్‌ను కెమికల్ స్ట్రిప్పర్‌తో తీయండి. గరుకు కాగితం వాడొద్దు, రుద్దితే లోహం చీలిక నోటి మీదకు పాకి దాన్ని మూసేస్తుంది. శుభ్రం చేసి, కిరసనాయిలు రాసి పావుగంట ఆగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, మెత్తటి సుద్దపొడి చల్లండి. లోపల దాగిన కిరసనాయిలు పైకి ఊరి సుద్ద మీద సన్నటి తడి గీతై కనపడుతుంది. ఆ గీత ఇత్తడిలోనే ఆగిపోతే బిల్డర్‌కు చిన్న పని, పాత ఇత్తడి కరిగించి కొత్తది పెడతారు. చైన్‌స్టే గోడ మీదకు ఎక్కితే ఆ పైపే మార్చాలి, ఖర్చు చాలా రెట్లు పెరుగుతుంది, అప్పుడు ఎవరి ఫ్రేమో తేల్చుకున్నాకే చేయి పెట్టడం మంచిది. సుద్ద మీద గీత ఆరకముందే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.